32 కేబీలో పాతాళ సామ్రాజ్యం

గదంత కంప్యూటర్ మీద పుట్టిన ఓ మాటల ఆట, బల్ల మీద పెట్టుకునే బుల్లి కంప్యూటర్లలోకి ఎలా దిగింది? దాదాపు 45 ఏళ్ల కిందటి ఆ పనితనం ఇప్పటికీ ఎందుకు బతికుంది?

మైదానం మధ్యలో ఒక తెల్లటి ఇల్లు. వీధి తలుపుకి అడ్డంగా చెక్కలు కొట్టేశారు. పక్కన ఓ చిన్న పోస్టు డబ్బా. ఇదంతా కంప్యూటర్ మాటల్లోనే చెబుతుంది. బొమ్మ ఉండదు, సంగీతం ఉండదు. చెప్పాల్సింది చెప్పేసి, మీరేం చేస్తారో టైపు చేయమని ఆగుతుంది. డబ్బా తెరవమంటే తెరుస్తుంది. అందులోని కరపత్రం చదవమంటే చదివి చెబుతుంది. ఇంటి వెనక్కి వెళ్తే ఓ కిటికీ ఓరగా తెరిచి ఉంటుంది. దాంట్లోంచి దూరి హాల్లోకి వెళ్తే ఇత్తడి లాంతరు, కత్తి దొరుకుతాయి. నేల మీది తివాచీని పక్కకు లాగితే కింద ఓ నేలతలుపు. ఆ తలుపు తీసి కిందికి దిగినవాళ్లు వారాల తరబడి, కొందరైతే నెలల తరబడి అక్కడే తిరిగారు.

ఆ ఆట పేరు జోర్క్. 1977లో అమెరికాలోని ఎంఐటీ కంప్యూటర్ సైన్స్ ప్రయోగశాలలో టిమ్ ఆండర్సన్, మార్క్ బ్లాంక్, బ్రూస్ డేనియల్స్, డేవ్ లెబ్లింగ్ అనే నలుగురు దీన్ని రాయడం మొదలుపెట్టారు. రాసింది పీడీపీ-10 అనే పెద్ద యంత్రం మీద. ఆట ఒక్కటే దాదాపు మెగాబైటు మెమరీ మింగేది. 1980 డిసెంబరు నాటికి అదే ఆటలోని మొదటి భాగం 32 కిలోబైట్ల ఇంటి కంప్యూటర్ మీద నడిచింది. అంటే ముప్ఫై రెండో వంతు చోటులో!

మండువా లోగిలి సామానంతా ఒంటిగది అద్దెకొంపలో సర్దమంటే ఎవరైనా సగం పారేస్తారు. వీళ్లు దాదాపు ఏమీ పారేయలేదు. సర్దిన తీరులోనే కంప్యూటర్ చరిత్రలోని గొప్ప పనితనాల్లో ఒకటి దాగుందని నా నమ్మకం.

కెంటకీ గుహలో మొదలు

జోర్క్‌కి ముందు ఇంకో ఆట ఉంది. దాని సంగతి చెప్పకుండా ఈ కథ ముందుకు కదలదు. విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామరు బోల్ట్, బెరానెక్ అండ్ న్యూమన్ అనే సంస్థలో పనిచేసేవాడు. ఈనాటి ఇంటర్నెట్‌కి తల్లివేరైన ఆర్పానెట్‌ని నిర్మించిన బృందంలో ఆయనొకడు. సెలవు దొరికితే కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహల్లో తిరిగేవాడు. భార్య ప్యాట్ కూడా గుహల అన్వేషకురాలే. ఫ్లింట్ రిడ్జ్, మామత్ గుహలు రెండూ లోపల్లోపల కలిసే ఉన్నాయని 1972లో కనిపెట్టిన బృందంలో ఆమె ఉంది. తర్వాత భార్యాభర్తలు విడిపోయారు. పిల్లలతో ఆడుకోవడానికి తనకు తెలిసిన గుహనే 1975-76లో ఫోర్‌ట్రాన్ భాషలో ఓ ఆటగా రాశాడు క్రౌథర్. అదే ‘అడ్వెంచర్’. దాన్ని స్టాన్‌ఫర్డ్‌లో చూసిన డాన్ వుడ్స్ అనే విద్యార్థి, అసలు రచయిత ఏ కంప్యూటర్ మీద ఉంటాడో తెలియక, నెట్‌వర్క్‌లోని ప్రతి కంప్యూటర్‌కీ ‘క్రౌథర్’ పేరిట ఉత్తరం పంపాడు. జవాబు వచ్చింది, సోర్స్ కోడ్ కూడా వచ్చింది. 1977లో వుడ్స్ ఆ గుహను పెంచి, అందులోకి మరిన్ని మాయలూ మంత్రాలూ తెచ్చాడు.

ఆ ఆట ఏ మాటలోనైనా మొదటి అయిదు అక్షరాలే చూసేది. పీడీపీ-10లో మెమరీ గడికి 36 బిట్లు. ఒక్కో అక్షరానికి 7 బిట్లు. అయిదు అక్షరాలకు 35 పోగా ఒక బిట్ మిగులుతుంది. అంటే ఒక మాటకు ఒక గడి. యంత్రం కొలతకు ఆట భాష అలా సరిపెట్టుకుంది. పాత కంప్యూటర్లలోకి ఆటను తీసుకెళ్లడం అంటే ఇలాంటి సర్దుబాట్ల చరిత్రే.

అడ్వెంచర్‌ని పూర్తిగా తేల్చేశాక ఎంఐటీ కుర్రాళ్లకు అంతకంటే మంచిది రాయాలనిపించింది. అడ్వెంచర్‌కి రెండు మాటలే అర్థమయ్యేవి. జోర్క్‌కి ‘ఆ కత్తితో రాక్షసుణ్ని కొట్టు’ లాంటి పూర్తి వాక్యం చెప్పొచ్చు. చీకట్లో తిరిగేవాణ్ని తినేసే ‘గ్రూ’ అనే జంతువు కూడా ఈ ఆటదే. మొదట్లో చీకట్లో నడిస్తే గోతిలో పడి చచ్చేవారు. ఇంటి అటక మీద కూడా గోతిలో పడటం ఏమిటని ఎవరో అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దాంతో లెబ్లింగ్ గోతుల్ని పూడ్చేసి, జాక్ వాన్స్ అనే రచయిత నుంచి పేరు అరువు తెచ్చి గ్రూని వదిలాడు. ఆటలో లోకం లోకంలా ఉండాలన్న పట్టుదల వాళ్లకు మొదటినుంచీ ఉంది. ఇల్లు మారేటప్పుడు అదే పట్టుదల వాళ్లను కాపాడింది.

పదిమంది పెట్టిన కంపెనీ

1977లోనే అమెరికాలో యాపిల్-2, కమొడోర్ పెట్, టీఆర్ఎస్-80 అనే మూడు ఇంటి కంప్యూటర్లు మార్కెట్లోకి వచ్చాయి. మానిటర్‌తో కలిపి టీఆర్ఎస్-80 ధర 600 డాలర్ల లోపే. మెమరీ మాత్రం 4 కేబీ. అదనంగా డబ్బు పోస్తే 16 కేబీ, 32 కేబీ. అందులో సాహస గాథ ఏం పడుతుందని చాలామంది అనుకున్నారు. ఫ్లారిడాలో ఉద్యోగం చేసే స్కాట్ ఆడమ్స్ పడుతుందని నిరూపించాడు. 1978లో ఆయన రాసిన ‘అడ్వెంచర్‌ల్యాండ్’ 16 కేబీ టీఆర్ఎస్-80 మీద, క్యాసెట్ నుంచి లోడ్ అయ్యి నడిచింది. కాకపోతే వర్ణనలు తంతివార్తల్లా ఉండేవి. ఆడమ్స్ కొత్తగా తన ఆట తాను రాసుకున్నాడు, చోటును చూసుకుని కథను కుదించాడు. జోర్క్ వాళ్ల సమస్య వేరు. వాళ్ల చేతిలో అప్పటికే పెద్ద కథ ఉంది, దాని సొగసంతా పొడుగాటి వాక్యాల్లో ఉంది.

1979 జూన్‌లో ఎంఐటీ వాళ్లు పదిమంది కలిసి ఇన్ఫోకామ్ అనే కంపెనీ పెట్టారు. ఆటల కోసమే పెట్టిన కంపెనీ కాదది. ఏదో ఒకటి అమ్మాలి కాబట్టి చేతిలో ఉన్న జోర్క్‌ని చూశారు. ఒక్కో కంప్యూటర్‌కీ ఆటను విడిగా తిరగరాయడం మొదటి దారి. యాపిల్‌లో ఉండేది 6502 ప్రాసెసర్, టీఆర్ఎస్-80లో జడ్80. ఒకదాని భాష ఇంకొకదానికి రాదు. రేపు ఇంకో కంపెనీ ఇంకో యంత్రం తెస్తే మళ్లీ మొదటికి.

మార్క్ బ్లాంక్, జోయెల్ బెరెజ్ రెండో దారి పట్టారు. ఎక్కడా లేని ఓ కంప్యూటర్‌ను కాగితం మీద గీశారు. దాని ఆదేశాలు ఇవీ, మెమరీ ఇలా ఉంటుంది, అక్షరాలు ఇలా దాచుకుంటుంది అని నిర్ణయించారు. దానికి జడ్-మెషీన్ అని పేరు. ఆటను ఆ ఊహా యంత్రం కోసమే రాశారు. తర్వాత యాపిల్‌కో, టీఆర్ఎస్-80కో చేయాల్సిందల్లా ఆ ఊహా యంత్రంలా నటించే చిన్న ప్రోగ్రాము రాయడమే. దాన్ని ఇంటర్‌ప్రెటర్ అంటారు. లెక్క చూడండి: 30 ఆటల్ని 20 రకాల కంప్యూటర్లకు విడివిడిగా రాస్తే 600 సార్లు రాయాలి. ఈ పద్ధతిలో 30 ఆటలు, 20 ఇంటర్‌ప్రెటర్లు, మొత్తం 50. ఒకసారి రాస్తే ఎక్కడైనా నడుస్తుందనే మాటతో 1995లో జావా వచ్చింది. హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో జావా వర్చువల్ మెషీన్ మీద రోజూ పనిచేసే మనవాళ్లకు ఈ ఆలోచన కొత్త కాదు. దాన్ని 1979-80లోనే, ఒక ఆట కోసం, 32 కేబీలో చేసి చూపించారు వీళ్లు.

అయిదు బిట్లలో అక్షరం

చోటు మిగిల్చిన తీరును కాస్త దగ్గర్నుంచి చూద్దాం. అందం అక్కడే ఉంది.

మామూలుగా కంప్యూటర్లో ఒక ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, అంటే 8 బిట్లు పోతాయి. జడ్-మెషీన్ 5 బిట్లే ఇచ్చింది. 5 బిట్లతో 32 సంకేతాలు వస్తాయి. చిన్నబడి అక్షరాలు 26 పోతే ఆరు మిగులుతాయి. అందులో ఒకటి మాటల మధ్య ఖాళీకి. రెండు, తర్వాత వచ్చేది పెద్దబడి అక్షరమో, అంకెనో, విరామ చిహ్నమో అని చెప్పడానికి. మిగతా మూడూ అసలు ముత్యాలు. ఆటలో పదేపదే వచ్చే ముక్కల్ని ఏరి ఓ జాబితాలో పెట్టారు. ఈ మూడింటిలో ఒక సంకేతం, దాని వెనక ఓ అంకె వేస్తే చాలు, జాబితాలోని మొత్తం ముక్క తెరమీదికి వస్తుంది. ఒక్కో సంకేతానికి 32 చొప్పున 96 ముక్కలు. ఇంగ్లిష్‌లో వాక్యవాక్యానికీ వచ్చే ‘ద’ (the), దాని పక్కన ఖాళీ కలిపి నాలుగు సంకేతాలు కావాలి. ఇలా రెండింటితో సరి. ఒక్కచోట మిగిలేది పది బిట్లే. అలాంటివి వేలల్లో వస్తాయని మరిచిపోకండి.

‘ల్యాంప్’ అనే మాటను తీసుకోండి. ఎల్ అంటే 17, ఏ అంటే 6, ఎమ్ అంటే 18. ఈ మూడూ కలిసి 15 బిట్లు. రెండు బైట్లలో 16 బిట్లు ఉంటాయి కాబట్టి ఒకటి మిగిలింది. దాన్నీ వృథా పోనివ్వలేదు. వాక్యం ఇక్కడితో అయిపోయిందని చెప్పడానికి వాడుకున్నారు. పి అంటే 21, అది తర్వాతి రెండు బైట్లలోకి వెళ్తుంది.

చిరునామాల విషయంలోనూ అంతే. 16 బిట్ల అంకెతో 65,536 చోట్లనే చూపించగలం, అంటే 64 కేబీ. ఆట అంతకంటే పెద్దది. అందుకని వాక్యాలూ, ప్రోగ్రాము ముక్కలూ ఎప్పుడూ సరిసంఖ్య చోటు నుంచే మొదలవ్వాలని నియమం పెట్టుకున్నారు. అప్పుడు చిరునామాలో సగం రాసుకుంటే చాలు, చదివేటప్పుడు రెండుతో హెచ్చిస్తే సరిపోతుంది. 64 కేబీ అలా 128 కేబీ అయింది. పైసా ఖర్చు లేదు.

ఇక వస్తువులు. గది, లాంతరు, రాక్షసుడు, ఆడేవాడు, అన్నీ వస్తువులే. ఒక్కోదానికి తొమ్మిది బైట్లు. 32 అవునుకాదుల గుర్తులకు నాలుగు బైట్లు. నేను ఎందులో ఉన్నాను, నా పక్కన ఏముంది, నాలో ఏముంది అనే మూడు సమాధానాలకు ఒక్కో బైటు. పేరు, వర్ణన వగైరా ఎక్కడున్నాయో చెప్పడానికి రెండు. మీరు లాంతరు తీసుకో అన్నారనుకోండి. లాంతరు ఎందులో ఉంది అన్న చోట హాలు నంబరు పోయి ఆడేవాడి నంబరు పడుతుంది. దానికి తగ్గట్టు మిగతా లంకెలూ సరిచేస్తారు. అంతే, లాంతరు మీ చేతికి వచ్చేసింది. వస్తువు నంబరుకు ఒక్కటే బైటు కాబట్టి 255 వస్తువులు దాటకూడదు. దాటితే కథలోంచి ఏదో ఒకటి తీసేయాలి.

గీత గీసిన లెబ్లింగ్

ఇంత పిండినా జోర్క్ మొత్తం పట్టలేదు. లెబ్లింగ్ పాతాళ సామ్రాజ్యం పటాన్ని ముందు పెట్టుకుని, వందకు పైచిలుకు చోట్లు వచ్చేలా గీత గీశాడు. లోపల ఉన్నది జోర్క్-1 అయింది. బయట మిగిలిందాంట్లోంచి, కొత్తగా కలిపిందాంతో జోర్క్-2, జోర్క్-3 పుట్టాయి. చోటు చాలక చేసిన ఆ పని కథకు మేలే చేసిందని నా అభిప్రాయం. పెద్ద యంత్రం మీది జోర్క్ నలుగురు తోచినవన్నీ కలిపేసిన సంత. జోర్క్-1కి మొదలు, నడక, చివర ఉన్నాయి.

ఆట ఫైలు సుమారు 85 వేల బైట్లకు వచ్చింది. కంప్యూటర్లో ఉన్నదేమో 32 కేబీ. మిగతాది ఫ్లాపీ మీదే ఉంచారు. ఆటలో మారే భాగం, అంటే ఏ వస్తువు ఎక్కడుంది, ఏ తలుపు తెరిచుంది లాంటివి ఎప్పుడూ మెమరీలో ఉంటాయి. మారనివాటిని 512 బైట్ల పేజీలుగా చేసి, అవసరమైన పేజీని ఫ్లాపీ నుంచి తెచ్చుకుని, చాలాసేపటి నుంచి వాడనిదాన్ని తీసేసేవారు. అప్పట్లో పెద్ద కంప్యూటర్లలో మాత్రమే ఉండే వర్చువల్ మెమరీ అన్నమాట. కొత్త గదిలోకి అడుగు పెట్టగానే డ్రైవ్ గరగరమనేది, కొత్త వర్ణన వస్తోందని ఆడేవాళ్లకు తెలిసిపోయేది. తర్వాతి కాలపు కమొడోర్-64 డ్రైవ్ సెకనుకు నాలుగు వందల బైట్లు తేవడమే గొప్ప. ఒక్క పేజీకి సెకనుపైనే.

టీఆర్ఎస్-80 ఇంటర్‌ప్రెటర్‌ను స్కాట్ కట్లర్, యాపిల్-2ది బ్రూస్ డేనియల్స్ రాశారు. తొలినాటి ఆ యంత్రాల్లో చిన్నబడి అక్షరాలే లేవు. కథ మొత్తం పెద్దబడి అక్షరాల్లోనే చదువుకున్నారు జనం.

ఇంగ్లండ్‌లో పరిస్థితి ఇంకా కష్టం. అక్కడ ఇళ్లలో ఫ్లాపీ డ్రైవులు అరుదు. ఆటంటే క్యాసెట్టే. క్యాసెట్ నుంచి మధ్యలో పేజీలు తెచ్చుకోవడం కుదరదు, ఉన్నదంతా ఒకేసారి మెమరీలో పట్టాలి. పీట్, మైక్, నిక్ ఆస్టిన్ అనే అన్నదమ్ములు లెవెల్-9 పేరుతో కంపెనీ పెట్టి, 1980ల మొదట్లో క్రౌథర్, వుడ్స్‌ల గుహను ఆ ఇరుకులోకి దించారు. వాళ్లదీ ఊహా యంత్రం దారే, దాన్ని ఏ-కోడ్ అన్నారు. తరచూ వచ్చే అక్షరాల గుంపులకు ఒక్కో బైటు ఇచ్చి పాఠాన్ని కుదించారు. పెద్ద యంత్రం మీద అసలు ఆటకు 300 కేబీ దాకా కావాల్సి వస్తే, వీళ్లు 32 కేబీలో అసలు గుహ మొత్తాన్ని పెట్టి, మిగిలిన చోటులో మరో 70 గదులు అదనంగా కట్టారు. నాకు తెలిసినంతలో ఆ కాలంలో ఇలా చిన్న యంత్రాల్లోకి దించిన ఆటల్లో ఇంత పొదుపు చేసినవి బహు తక్కువ.

కంపెనీ పోయినా యంత్రం పోలేదు

ఇన్ఫోకామ్‌ను 1986లో యాక్టివిజన్ కొన్నది, 1989లో కేంబ్రిడ్జ్ ఆఫీసు మూసేసింది. టీఆర్ఎస్-80 పోయింది, యాపిల్-2 పోయింది. ఊహా యంత్రం మాత్రం అసలే లేనిది కాబట్టి పాడవడానికి అందులో ఏమీ లేదు. దాని పూర్తి వివరాల్ని కంపెనీ ఎన్నడూ బయటపెట్టలేదు. 1980ల చివర్లో ఔత్సాహికులు ఆట ఫైళ్లను విప్పి చూసి, బైటు బైటునా అర్థం చేసుకున్నారు. 1993లో గ్రాహం నెల్సన్ అనే ఆక్స్‌ఫర్డ్ గణితజ్ఞుడు ఆ యంత్రానికి కొత్త ఆటలు రాసుకునేలా ఇన్ఫార్మ్ అనే భాషను తయారుచేశాడు. ఆ తర్వాత జడ్-మెషీన్ ప్రమాణాలు కూడా పుస్తకంలా చదువుకోవడానికి వీలుగా వచ్చాయి.

ఈ మధ్య కాలంలో చక్రం వెనక్కి తిరిగింది. యోహన్ బెర్న్‌ట్సన్, ఫ్రెడ్రిక్ రామ్స్‌బెర్గ్ అనే ఇద్దరు కమొడోర్-64 కోసం ఓజ్‌మూ అనే కొత్త ఇంటర్‌ప్రెటర్ రాశారు. ఇన్ఫోకామ్ మూతపడ్డాక పుట్టిన ఆటలు, ఈ శతాబ్దంలో రాసిన ఆటలు కూడా 1982 నాటి యంత్రం మీద ఇప్పుడు నడుస్తున్నాయి. ఇన్ఫార్మ్ భాషతో వచ్చే పెద్ద లైబ్రరీ వల్ల కథలు బరువెక్కుతుంటే, పాత యంత్రాలకు తగ్గ పలచటి లైబ్రరీ ‘ప్యూనీఇన్ఫార్మ్’ని కూడా వాళ్లే ఇచ్చారు. జోర్క్ హక్కులు చేతులు మారి మారి మైక్రోసాఫ్ట్‌కు చేరాయి. 2025 నవంబరులో ఆ సంస్థ జోర్క్-1, 2, 3ల సోర్స్ కోడ్‌ను ఎంఐటీ లైసెన్సు కింద బహిరంగం చేసింది. ఇప్పుడు ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు.

మన దగ్గరికి ఈ తరం యంత్రాలు రాలేదా అంటే, వచ్చాయి. 1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పేరుతో పథకం పెట్టి దేశంలోని సుమారు 250 బడుల్లో బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఉంచింది. 32 కేబీ మెమరీ ఉన్న ఆ యంత్రమే ఇంగ్లండ్‌లో లెవెల్-9 ఆటలు ఆడింది. మన పిల్లలు దాని మీద బేసిక్ నేర్చుకున్నారు. దానిమీద ఎవరైనా తెలుగులో కథాఆట రాసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

ఇప్పుడైనా రాయొచ్చు. జడ్-మెషీన్ అయిదో రూపం (వెర్షన్)లో ఇంగ్లిష్ అక్షరమాల స్థానంలో మన సొంత పట్టిక పెట్టుకునే వీలుంది. అందులో 70కి పైగా గుర్తులు పడతాయి. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, సున్నా, పొల్లు కలిపినా మనకు సరిపోతాయి. వాటిని కలిపి వత్తులుగా తెరమీద గీసే పని ఈనాటి ఫోనుకి పెద్ద లెక్క కాదు, పాత యంత్రాల ఎనిమిదికి ఎనిమిది చుక్కల గడిలో మాత్రం చాలా కష్టం. అసలు సవాలు వ్యాకరణంలో ఉంది. ఇంగ్లిష్ ఆట మొదటి మాటను క్రియగా చూస్తుంది, మన క్రియ చివర వస్తుంది. దీపం, దీపాన్ని, దీపంతో, దీపం మీద అన్నప్పుడు అన్నీ ఒకే వస్తువని ఆటకు తెలియాలి. కథలు చెప్పడం వచ్చిన జాతికి ఈ మాత్రం పని భయపెట్టేది కాదు.

చివరగా ఇంజినీరింగ్ కాలేజీల అధ్యాపకులకు ఓ విన్నపం. ఫైనలియర్ ప్రాజెక్టులు బయట కొనుక్కుని సమర్పించే అలవాటు మన రాష్ట్రాల్లో ఎంత పాతుకుపోయిందో మీకు తెలుసు. ఈ ఏడాది ఒక్క బ్యాచ్‌కైనా జడ్-మెషీన్ మూడో రూపానికి ఇంటర్‌ప్రెటర్ రాయమని ఇవ్వండి. ఆదేశాలు వందకు లోపే. ప్రమాణాలు ఉచితంగా దొరుకుతాయి. జోర్క్ సోర్స్ ఇప్పుడు అందరిదీ. ప్రాసెసర్, మెమరీ, కంపైలర్, భాష, అన్నిటి సారమూ ఆ ఒక్క ప్రాజెక్టులో ఉంది. పిల్లలు రాసిన ప్రోగ్రాములో ఆ తెల్లటి ఇంటి పోస్టు డబ్బా తెరుచుకుంటే, పని సరిగ్గా చేశారని వేరే పరీక్ష పెట్టక్కర్లేదు.